ఖాళీగా పంపని డబ్బా

ఊళ్లో ఎవరైనా కోళ్లు పెంచుతారు, మేకలు పెంచుతారు. నా కూతురు వన్నూరమ్మ మిడతలు పెంచుతుంది. అలా పెంచిపెంచి, వాటికి భయం ఎక్కడ పుడుతుందో కనిపెట్టింది.

ఇదంతా జరిగింది రాజస్థాన్ ఎడారిలో, పాకిస్తాన్ కంచెకు కూతవేటు దూరంలో ఉన్న ఖేజ్రావాస్ అనే పల్లెలో. అక్కడ మిడతల పరిశోధన కేంద్రం ఉంది, మా పాప ఉద్యోగం అందులోనే. కేంద్రమంటే పెద్ద మేడ అనుకునేరు. ఒక రేకుల షెడ్డు, దాని వెనక మేముండే రెండు గదులు, చుట్టూ ఇసుక. మాది అనంతపురం జిల్లా, కల్యాణదుర్గం పక్క. వేరుశనగ పండించుకునేవాళ్లం. మా ఆయన ఎర్రిస్వామి పోయాక పాప నన్ను తన దగ్గరికి తెచ్చుకుంది. వచ్చేటప్పుడు నేను రెండు చీరలు, ఒక స్టీలు డబ్బా తెచ్చుకున్నాను. డబ్బా మూత మీద మా ఆయన పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటుంది. మా పక్క ఏ ఇంట్లో చూసినా గిన్నెల మీద పేర్లుంటాయి. పెళ్లిళ్లలో వంటసామాను కలిసిపోకుండా అదొక జాగ్రత్త.

ఒకరోజు పాప నన్ను షెడ్డులోకి పిలిచింది. బల్ల మీద గుండ్రంగా, గాడిలాంటి తొట్టి ఉంది. అందులో రెక్కలు రాని పిల్ల మిడతలు ఒకదాని వెనక ఒకటి గానుగెద్దుల్లా తిరుగుతున్నాయి.

"ఎందుకు నడుస్తాండాయో చెప్పు సూద్దాం" అంది.

"ఆకలికి."

"ముందుదానికి కాదు మా, ఆకలి వెనకదానికి. వెనకది కాలు కొరుకుతుందని ముందుది నడుస్తాంది. దాని వెనక ఇంకోటుంది గదా, దానికి భయపడి ఇది నడుస్తాంది. కోట్ల మిడతలు దేశాలు దాటి పోయేది ఇందుకే. యాడికో పోవాలని కాదు, వెనకోడు కొరుకుతాడని."

"అంత పెద్ద దండు నడిచేది ఇంత చిన్న భయానికా?"

"అవును మా. కొరికించుకున్న మిడత ఒంట్లోంచి ఒక వాసన వస్తుంది. ఆ వాసన నేను సీసాలో చేసినా."

గాజుపుల్లతో ఒక బొట్టు తొట్టి అంచున పెట్టింది. అంతే, లోపలున్నవన్నీ ఒక్కసారిగా అవతలి కొసకు పడి, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. నాకు నవ్వొచ్చింది. మా ఊళ్లో గాలివాన ముందు దుమ్ము లేచినట్టు, ఒక్క బొట్టుకు అంత కలకలం.

ఆ మందుకు పాప "తరుము" అని పేరు పెట్టింది.

ఆ ఏడు వానల తర్వాత పడమటి నుంచి మిడతల దండు వచ్చింది. ఆకాశంలో ఇటుకరంగు మబ్బు వచ్చినట్టు వచ్చింది. డ్రోన్లలో తరుము నింపి దండు ముందుభాగాన చల్లారు. మబ్బు గిర్రున తిరిగి, కంచె దాటి, వచ్చిన దారినే పోయింది. పల్లె పల్లెంతా డప్పులు కొట్టింది. మా పక్కింటి ధాపూ పాపను ఎత్తుకుని తిప్పింది. ధాపూ అంటే మాకు పాలు పోసే మనిషి. ఒంటెంత ఎత్తు, ఒంటెంత గొంతు. ఆమెకున్నది నాలుగు బిఘాల సజ్జ చేను, అంటే రెండెకరాల దాకా, ఇద్దరు చదువుకునే ఆడపిల్లలు. నన్ను మాజీ అంటుంది, అమ్మా అని.

"మాజీ, నీ కూతురు నా సజ్జలు కాపాడింది. ఈ ఏడు పాలల్లో నీళ్లు కలపను" అంది.

"అంటే ఇన్నాళ్లూ కలిపినావా?"

"ఎడారిలో నీళ్లకే కరువు, పాలల్లో కలపడానికి ఎక్కడివి?" అని పగలబడి నవ్వింది.

తర్వాత వారమే అగ్రరాజ్యం నుంచి హాలోవే అనే దొర వచ్చాడు. డ్రోన్లు చేసే కంపెనీ మనిషి. తెల్లటి పళ్లు, ఎర్రటి ముక్కు. మా పై ఆఫీసువాళ్లు ఆయన వెనకే తిరిగారు. ఆయన పాపకు ఒక టోపీ ఇచ్చాడు. దాని మీద రెండు జెండాలు, మనదొకటి, వాళ్లదొకటి, పక్కపక్కన కుట్టి ఉన్నాయి. "ఈ ప్రాంతంలో మాకు మీకంటే ఆప్తమిత్రులు లేరు" అన్నాడు. తరుము తయారుచేసే హక్కు స్నేహపూర్వకంగా వాళ్ల కంపెనీకి ఇచ్చేశారు. పాపను ఎవరూ అడగలేదు. టోపీ మాత్రం బాగుంది, ఎండకు నేను పెట్టుకునేదాన్ని.

నెల తిరక్కుండానే దండు వెనక్కి వచ్చింది. దాని వెనక కంచె అవతల డ్రోన్లు. అవే డ్రోన్లు, అదే తరుము. హాలోవే దొర ఆ పక్కకూ వెళ్లాడన్నమాట. మనం అటు తోశాం, వాళ్లు ఇటు తోశారు. మళ్లీ మనం, మళ్లీ వాళ్లు. పిల్లలు బంతి ఆడినట్టు రెండు దేశాలూ మిడతల దండును ఆడుకున్నాయి. టీవీలో మాత్రం ప్రతిసారీ గెలుపే. ఇక్కడ టీవీలో మన గెలుపు, అక్కడ టీవీలో వాళ్ల గెలుపు.

అసలు కష్టం ఏమిటో పాపకు ముందే అర్థమైంది. మిడతలు ఎక్కడో ఒకచోట దిగి, తిని, ముసలివై రాలిపోవాలి. వీటిని ఎవరూ దిగనివ్వలేదు. తరిమేకొద్దీ భయం ఎక్కువైంది, భయంకొద్దీ మరింత దగ్గరగా ముద్దకట్టాయి. దారిలో గుడ్లు పెట్టాయి, ఆ పిల్లలూ రెక్కలొచ్చి వాటిలోనే కలిశాయి. దండు మూడింతలైంది.

మూడోసారి వచ్చినప్పుడు ధాపూ చేను పోయింది. నేను వెళ్లి చూశాను. కర్రలు మాత్రం నిలబడి ఉన్నాయి. ధాపూ గట్టు మీద కూర్చుని ఉంది. ఆ గొంతు ఎక్కడికి పోయిందో, నాతో ఒక్క మాట అనలేదు. మర్నాడు పాలు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లిపోయింది. ఆమె తిట్టుంటే బాగుండేదని పాప ఆ పూట అన్నం తినలేదు.

"ఇంకా విత్తనాలున్నాయంట, మళ్లీ వేస్తుందంట" అన్నాను.

"వేస్తే మళ్లీ తింటాయి మా. నేను చేసిన మందే తినిపిస్తాంది."

ఇక డబ్బా సంగతి చెప్పాలి.

నెలకోసారి సరిహద్దులో రెండు దేశాల మిడతల అధికారులు కలుస్తారు. ఎన్ని గొడవలున్నా ఆ సమావేశం మానరు, ఎందుకంటే మిడతకు వీసా అక్కర్లేదు. కంచె మధ్య ఒక హాలు, నేల మీద తెల్లగీత, గీతకు అటొక బల్ల, ఇటొక బల్ల. ఒక నెల టీ మనది, ఒక నెల వాళ్లది. మన తరఫున పాప, రాథోడ్ అనే భద్రతాధికారి వెళ్తారు. వాళ్ల తరఫున ఒక మేజరు, డాక్టర్ జుమన్ సమేజో అనే సింధీ ముసలాయన వస్తారు. సమేజో గారికి పాప పేరు వినగానే ఆనందమైపోయిందట. మా వన్నూరు స్వామి దర్గా పేరు మీద పెట్టుకున్న పేరని పాప చెబితే, "మరింకేం, నువ్వు మా నూర్ బిటియావే" అన్నాడట. అప్పటినుంచి ఆయనకు పాప నూర్ బిటియా, కూతురు లాంటిది.

ఆయనకు కారం ఇష్టమని తెలిసి ఒకసారి నా డబ్బాలో గోంగూర పచ్చడి పెట్టి పంపాను. మరుసటి నెల డబ్బా తిరిగొచ్చింది. లోపల ఆయన భార్య మరియమ్ చేసిన ఖర్జూరాల హల్వా. ఎవరింటి గిన్నె అయినా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదన్నది అక్కడా ఉందని అప్పుడు తెలిసింది. ఇక నేనూరుకుంటానా? నేను కారాలు పంపడం, ఆమె తీపి పంపడం. నేను ఓళిగలు, అదే బొబ్బట్లు, పంపితే ఆమె నిమ్మకాయ ఊరగాయ. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూడలేదు. కానీ ఆమెకు మోకాళ్ల నొప్పులని, మెంతులు ఎక్కువ వేస్తుందని నాకు తెలుసు.

ధాపూ చేను పోయిన నెలలో డబ్బా ఒక గుడ్డలో చుట్టి వచ్చింది. ఎరుపు, నీలం అచ్చులు వేసిన మెత్తటి సింధీ గుడ్డ. హల్వా తిన్నాం. గుడ్డ బాగుందని దాచాను. రెండ్రోజుల తర్వాత, షెడ్డు కిటికీలోంచి ఎండ నేరుగా మిడతల పంజరం మీద పడుతుంటే, పాపం మాడిపోతాయని ఆ గుడ్డ తెచ్చి పంజరం మీద కప్పాను. షెడ్డులో ఏదీ ముట్టుకోవద్దని పాప నాకు వందసార్లు చెప్పి ఉంటుంది. అయినా ఎండలో ఉన్నది ఏదైనా సరే, కప్పకుండా ఉండలేను. మా పక్క ఎండ అలాంటిది.

సాయంత్రం పాప కేక వినిపించింది. నేను పప్పు గరిటెతోనే పరుగెత్తాను.

"ఎవరు కప్పినారు ఇది?"

"నేనేలే. చచ్చినాయా?"

"చావడం కాదు. సూడు!"

చూశాను. పొద్దున ముద్దలా ఒకదాని మీద ఒకటి ఎక్కి కొరుక్కునే మిడతలు, ఇప్పుడు పంజరమంతా దూరందూరంగా కూర్చున్నాయి. ఒక్కొక్కటి ఒక్కో గడ్డిపరక పట్టుకుని, దర్జాగా నములుతోంది. ఒకటి ఇంకోదాని పక్కనుంచి పోయినా పట్టించుకోలేదు.

పాప గుడ్డ తీసి వాసన చూసింది. నేనూ చూశాను. ఉతికిన గుడ్డ వాసన తప్ప నా ముక్కుకు ఏమీ తెలియలేదు.

"గుంపులో పడని మిడత ఒకటుంటుంది మా. ఒంటిగా బతుకుతుంది, ఎవర్నీ కొరకదు, ఎవరికీ భయపడదు. దాని ఒంటి వాసన ఈ గుడ్డలో ఉంది. ఆ ముసలాయన దీన్ని పట్టుకున్నాడు! నేను భయాన్ని పట్టుకుంటే ఆయన ఊరటను పట్టుకున్నాడు!"

"అయితే ఆ హల్వాలో కూడా అదేనా? నేను రెండు ముక్కలెక్కువ తిన్నానే!"

"తింటే ఏమైంది? ఎవర్నీ కొరకవు" అని నన్ను కావలించుకుంది.

ఆ సంతోషం మర్నాటిదాకానే. పై ఆఫీసుకు ఫోను చేసి ఊరట మందు సంగతి చెప్పింది. గుడ్డ సంగతి చెప్పలేదు. అవతలి పెద్దమనిషి మాట నాకు కూడా వినిపించింది. "ఊరట ఎవరికమ్మా, శత్రువుల మిడతలకా? మనకు కావలసింది తరమడం. పైగా కంపెనీ మందు తప్ప వేరేది వాడకూడదని ఒప్పందం. ఇంకోసారి ఈ మాటెత్తితే ఉద్యోగం గురించి ఆలోచించుకోవాల్సి వస్తుంది."

పాప ఫోను పెట్టేసి చాలాసేపు ఆ గుడ్డనే చూస్తూ కూర్చుంది. ఆ గుడ్డ ఎక్కడినుంచి వచ్చిందో ఎవరైనా అడిగితే ఉద్యోగంతో పోదు. అవతలి దేశపు శాస్త్రవేత్త నుంచి రహస్యం తెచ్చుకుందంటారు. అటు ఆయన్ని రహస్యం ఇచ్చాడంటారు.

"ఇంకో చిక్కుంది మా. ఇది సగం దండుకు కొడితే పనిచేయదు. కొట్టని సగం వచ్చి మళ్లీ కొరుకుతాయి, మళ్లీ అన్నీ గుంపు కడతాయి. కంచెకు అటూ ఇటూ ఒకేసారి కొట్టాల."

"అయితే ఆయనకూ సగమియ్యి."

"ఎట్ల ఇచ్చేది? సమావేశానికి సీసా తీసకపోనిస్తారా?"

నేను లేచి డబ్బా తోమడానికి వెళ్లాను. ఈ నెల వంతు నాదే కదా.

పాప తలుపులు మూసుకుని మందు చేసింది. తేనెలాగా చిక్కగా వచ్చింది. ఒక చెంచా వేస్తే డ్రమ్ముడు నీళ్లకు చాలుతుందట. ఒక సీసాడు మాకు ఉంచుకుని, ఒక సీసాడు ఆ సింధీ గుడ్డలో చుట్టి డబ్బా అడుగున పెట్టాను. అరిటాకు లేదు కాబట్టి పైన కాగితం పరిచి, దాని మీద ఓళిగలు పేర్చాను. ఈసారి నేనూ వస్తానన్నాను. టీ మా వంతు, పెట్టడానికి ఒక మనిషి కావాలని రాథోడ్ సారు ఒప్పుకున్నాడు.

హాలు గుమ్మంలో ఒక జవాను డబ్బా అడిగాడు. మూత మీద వేలు పెట్టి చుక్కల వెంట నడిపించాడు.

"ఇదేం కోడ్?"

"మా ఇంటాయన పేరు నాయనా."

"పేరెందుకు?"

"ఎవరిదో తెలియాలి కదా."

"ఆయన ఎక్కడున్నాడు?"

"పైన" అన్నాను. జవాను పైకప్పు వైపు చూశాడు, తర్వాత అర్థమై తల దించుకున్నాడు. మూత తీసి ఒక ఓళిగ తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. మూడోది అందుకోబోయాడు. కాగితం కనబడుతోంది. "అవతలివాళ్లకు కూడా ఉండనీ నాయనా" అన్నాను. సిగ్గుపడి మూత పెట్టేశాడు.

సమేజో గారిని మొదటిసారి చూశాను. సన్నగా, పొడుగ్గా, జేబులో నాలుగు పెన్నులు. నెత్తిన టోపీ. నా నెత్తిన ఉన్నదే! జెండా ఒక్కటే తేడా. ఆయన నా టోపీ చూశాడు, నేను ఆయన టోపీ చూశాను.

"మీకూ వాళ్లకంటే ఆప్తమిత్రులు లేరా?" అన్నాను నాకొచ్చిన హిందీలో.

"నలుగురి ముందూ చెప్పకండి, సోదరీ. మాతోనే అలా అన్నాడని మా మేజరుగారు ఇంకా నమ్ముతున్నారు."

గీత మీదుగా డబ్బా అందించాను. దాని బరువు చూసి ఆయన నా ముఖంలోకి చూశాడు. తర్వాత తన బల్ల కిందనుంచి పిండితో మూతి మూసిన ఒక మట్టి కుండ తీసి నాకిచ్చాడు.

"ఈసారి వంతు మీది. అయినా ఊరుకోలేక తెచ్చాను. పైన ఖర్జూరం పచ్చడి" అన్నాడు. 'పైన' అన్న మాటను కొంచెం సాగదీశాడు.

పాప ముఖం వెలిగిపోయింది. ఇద్దరూ అదే పని చేశారు! వాళ్ల పై ఆఫీసు ఆయన్ని కూడా అలాగే తిట్టి పంపిందని తర్వాత తెలిసింది. ఊరటతో మనకేం లాభం అన్నారట. ఆయన ఆ మందును ఇంట్లోనే పొయ్యి మీద కాచి గుడ్డతో వడగట్టేవాడు. ఆ గుడ్డ ఇంట్లో కంపు కొడుతోందని మరియమ్ ఉతికి, ఆరేసి, నా డబ్బాకు చుట్టి దేశం దాటించింది.

టీ పోస్తుండగా హాలు చీకటిపడింది. కిటికీ నిండా ఇటుకరంగు. దండు వచ్చేసింది. సాయంకాలం కదా, మిడతలు దిగే వేళ. కంచె మీద, హాలు మీద, అటు పొలాల మీద, ఇటు పొలాల మీద వానలా దిగాయి. లోపలికొచ్చినవి టీ గ్లాసుల్లో పడ్డాయి. మేజరుగారి భుజం మీద హోదా గుర్తు పక్కన ఒకటి కూర్చుంది.

రాథోడ్, మేజరు ఇద్దరూ ఒకేసారి ఫోన్లు తీశారు. దొర వచ్చినప్పటినుంచి డ్రోన్లు లేవాలంటే కంపెనీ తన దేశంనుంచే తాళం తీయాలి, దానికి హాలోవే దొర సరేననాలి. రాథోడ్ సారు ఫోను చెవిన పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏమంటున్నాడు సార్?" అంది పాప.

"ఇంకో ముఖ్యమైన మిత్రుడితో మాట్లాడుతున్నాడట. ఆగమంటున్నారు."

గీతకు అవతల మేజరు, "హలో మిస్టర్ హాలోవే, అవునవును, మీరే మాకు..." అంటున్నాడు. అంటూ అంటూ రాథోడ్ సారు వైపు చూశాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. ఇద్దరూ నెమ్మదిగా ఫోన్లు దించారు.

"తాళం తీయాలంటే కొత్త ఒప్పందం చేసుకోవాలట" అన్నాడు మేజరు.

"రేప్పొద్దునకు ఏమీ మిగలదు" అన్నాడు రాథోడ్.

అప్పుడు పాప నోరు విప్పింది. ఊరట మందు గురించి, రెండు పక్కలా కొట్టాలన్న దాని గురించి, కుండలోది, డబ్బాలోది, అంతా చెప్పేసింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. అధికారుల ముందు ఆ మాటలు చెప్పాక ఇంటికి పంపుతారో, ఇంకెక్కడికి పంపుతారో తెలియదు.

"తప్పు నాది. ఏం చేసినా నన్ను చేయండి. కానీ రేపు పొద్దు పొడవక ముందే కొట్టాలి. ఎండ తగిలితే లేచిపోతాయి" అంది.

"నాది కూడా" అన్నాడు సమేజో. "నాకెలాగూ ఈ ఏడుతో నౌకరీ అయిపోతుంది. నన్ను ముందు రాసుకోండి."

రాథోడ్ సారు టీ గ్లాసులో మిడతను వేలితో తీసి బయట పెట్టాడు.

"అనుమతి లేకుండా డ్రోను ఎగరేయకూడదని రూలు. వీపున డబ్బా తగిలించుకుని చేతిపంపుతో కొట్టడానికి మాత్రం ఏ రూలూ లేదు. మీ పక్క ఎలా మేజర్ సాబ్?"

"మా రూల్సూ, మీ రూల్సూ ఒక్క దొర రాసిపోయినవే" అన్నాడు మేజరు. "ఆ అమ్మ ఇచ్చిన డబ్బాలో తిండి తప్ప నేనేమీ చూడలేదు. ఏదీ, ఒకటి ఇలా ఇవ్వండి." ఓళిగ నోట్లో పెట్టుకున్నాడు.

ఇంటికి రాగానే ధాపూ గుమ్మం ముందు నిలబడ్డాను. చేను పోయినప్పటినుంచి ఆమె నాతో మాట్లాడలేదు. "నీ కొత్త మొలకలు కూడా పోతాయి. మందు కొట్టే డబ్బాలు ఎవరెవరి దగ్గరున్నాయో పిలువు. నీ గొంతు కావాలి" అన్నాను.

ఆమె నన్ను ఒక్క క్షణం చూసింది. తర్వాత నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఒక కేక వేసింది. ఆ కేకకు మా రేకులు అదిరాయి.

తెల్లవారుజామున ఎడారి చల్లగా ఉంది. మిడతలు చలికి బిగుసుకుని, ప్రతి ముళ్లకంపనూ కప్పేసి ఉన్నాయి. కంచె పొడుగునా ఇటు మా పల్లె ఆడామగా, అటు వాళ్ల పల్లె ఆడామగా, వీపున డబ్బాలతో వరసగా కదిలారు. డబ్బాలు లేనివాళ్లు చీపుళ్లు ముంచి చల్లారు. కొంత దూరం పోయాక ధాపూ ఉండబట్టలేకపోయింది.

"ఓయ్! మీ మిడతల్ని మీ ఇంట్లో కట్టేసుకోలేరా?"

అవతలినుంచి ఒక ఆడగొంతు, "మావా? మీ సజ్జలు తిని బలిసినవి మావెలా అవుతాయి?"

"మీ జొన్నలు తిని సన్నబడ్డాయి, పాపం! మీ జొన్నల్లో సత్తువ లేదు!"

"చీపురు సరిగ్గా పట్టుకోవడం నేర్చుకో ముందు!"

రెండు పక్కలా నవ్వులు. జవాన్లు అటు తిరిగి నిలబడ్డారు గాని, వాళ్ల భుజాలు కదులుతున్నాయి.

ఎండ వచ్చింది. రోజూ ఈ వేళకు ముందు ఒకటి లేస్తుంది, దాని వెనక వంద, దాని వెనక ఆకాశమంతా. అందరం చేతులు దించి నిలబడ్డాం. పాప నా పక్కనే ఉంది.

ఒక మిడత లేచింది. కొంచెం దూరం పోయి ఒక ఆకు మీద వాలింది. ఇంకోటి ఇంకో దిక్కుకు పోయింది. ఒకటి అటు, ఒకటి ఇటు. దేనికీ దేని వెనకా పోవాలని లేదు. కాసేపటికి కంపల మీది ఇటుకరంగు పలచబడింది, ముళ్లు కనబడ్డాయి. తర్వాత పిట్టలొచ్చాయి. దండు మీద పడడానికి భయపడే పిట్టలు ఒంటి మిడతల్ని తీరిగ్గా ఏరుకు తిన్నాయి. ధాపూ కోళ్లు కంచె కింద దూరి పాకిస్తాన్ వెళ్లి తినొచ్చాయి. వాటిని ఎవరూ ఏమీ అడగలేదు.

ధాపూ తన చేను గట్టు మీద కూర్చుని, పచ్చగా మిగిలిన మొలకల్ని చేత్తో తడిమింది. పాపను పక్కన కూర్చోబెట్టుకుంది. "పాలు ఇక గుమ్మంలో పెట్టను, లోపలికే తెస్తా" అంది.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. విచారణలు వచ్చాయి. పాప జీతం ఆపేశారు, షెడ్డుకు తాళం వేశారు. నెలవారీ సమావేశం ఆగిపోయింది. ఆ ముసలాయన్ని ముందుగానే ఇంటికి పంపేశారని విన్నాం. ఈలోగా హాలోవే దొర కంపెనీ ఊరట మందును తనే కనిపెట్టానని ప్రకటించింది, రెండు దేశాలకూ అమ్మజూపింది. కానీ ఈసారి కొనేవాళ్లు లేకపోయారు. ఎలా చేయాలో కంచెకు అటూ ఇటూ ప్రతి ఇల్లాలికీ తెలుసు. సమేజోగారు వాళ్లకు చెప్పాడు, పాప వీళ్లకు చెప్పింది. పొయ్యి మీద కాచి గుడ్డతో వడగట్టడమే కదా. ఊరికే వచ్చేదాన్ని ఎవరు కొంటారు? కొనని మందు కోసం మనిషిని ఎన్నాళ్లు విచారిస్తారు? ఒకరోజు మాటామంతీ లేకుండా షెడ్డు తాళం తీశారు. పాప మీద ఒక హెచ్చరిక మాత్రం మిగిలింది. దాన్ని చట్రం కట్టించి గోడకు తగిలించింది.

నాకు మాత్రం ఒకటే బెంగ. నా డబ్బా అక్కడే ఉండిపోయింది.

"ఇక రాదులే మాజీ, కొత్తది కొనుక్కో" అంది ధాపూ.

"వస్తుంది. అందులో పెట్టి పంపడానికి ఏదీ కుదరక ఆగుంటుంది ఆమె. ఖాళీగా పంపే మనిషి కాదు."

మళ్లీ వానలు పడ్డాక సమావేశం మొదలైంది. వాళ్ల తరఫున ఒక కొత్త డాక్టరు వచ్చాడట, పడుచువాడు. తెల్లగీత దగ్గరికి వచ్చి, "సమేజోగారి ఇంటినుంచి, నూర్ ఆపాకు" అని, అంటే నూర్ అక్కకని, చేతిసంచీ ఇచ్చాడట.

పాప ఇంటికి తెచ్చి నా ముందు పెట్టింది. సంచీలో అదే గుడ్డ, గుడ్డలో నా డబ్బా. ముడి విప్పుతుంటే మడతలోంచి ఒక ఇసుకరంగు మిడత బయటికొచ్చింది. ఎక్కడ ఎక్కిందో, ఒంటరిగా సరిహద్దు దాటింది. నా వేలి మీద కూర్చుని మీసాలు దువ్వుకుంది. తీసుకెళ్లి ధాపూ చేను గట్టున వదిలాను. ధాపూ చూసి, "తిననీలే, ఒక్కదాని పొట్ట ఎంత" అంది.

తిరిగొచ్చి డబ్బా తీశాను. నిండా ఖర్జూరాల హల్వా. మూత తిప్పి చూస్తే, మా ఆయన పేరు కింద కొత్తగా కొట్టిన చుక్కలు, కుడినుంచి ఎడమకు నడిచే అక్షరాలు. పాప ఫోనులో ఫోటో తీసి ఎవరికో పంపి చదివించింది.

"మరియమ్ అని ఉందంట మా."

ఇక ఆ డబ్బా ఎవరిదో చెప్పడం నా వల్ల కాదు. ఎవరింట్లో ఉంటే వాళ్లు తిరిగి పంపాల్సిందే. వచ్చే నెల వంతు నాది. ఆమె మోకాళ్లకు మంచివని నువ్వుల ఉండలు చేద్దామని పొద్దున్నే నువ్వులు ఎండబోశాను, పైన గుడ్డ కప్పి.